286లో దెయ్యాల కోట

సాయంత్రం ఆరు దాటాక అమీర్‌పేటలో మైత్రీవనం పక్క సందుల్లో టీ కోసం నిలబడితే మొహాలు కనపడవు, వంగిన మెడలు కనపడతాయి. కోచింగ్ వదిలిన పిల్లలు ఒక చేతిలో గ్లాసు, రెండో చేతిలో ఫోను పట్టుకుని నిలబడి ఉంటారు. తలెత్తితే ఫ్లెక్సీల మీద పైథాన్, డెవాప్స్, సేల్స్‌ఫోర్స్. తల దించితే అల్లం టీ. రోజూ చూసేదే కాబట్టి దేన్నీ పట్టించుకోం. మొన్న మాత్రం పక్కనున్న కుర్రాడి ఫోను మీదికి నా చూపు తనంతట తానే పోయింది. అందులో ఒక కోట. గోడలకు కొవ్వొత్తులు, కిటికీలకు చిరిగిన తెరలు, కొరడా పట్టుకున్న మనిషి. కాస్ల్‌వేనియా! కానీ రంగులు ఎక్కడో తేడా కొట్టాయి. కాసేపు చూస్తే అర్థమైంది, అది టీవీ గేమ్‌లోది కాదు, పాత డాస్ కంప్యూటర్ల కోసం చేసింది. బ్రౌజర్‌లోనే ఆడుకునేలా ఎవరో పెట్టి ఉంటారు. మనిషి ఒక అడుగు వేస్తాడు, ఆలోచిస్తున్నట్టు ఆగుతాడు, మళ్లీ ఒక అడుగు. నేను చూస్తున్నానని గమనించి ఆ అబ్బాయి, "ఫోన్ స్లో ఉన్నట్టుంది అంకుల్, ఆగి ఆగి పోతుంది" అన్నాడు.

ఫోనుకేం రోగం లేదు, ఆ ఆట పుట్టుకే అంత అని చెప్పాలనిపించింది. టీ కొట్టు ముందు నిలబడి ముప్పై ఏళ్ల నాటి సంగతి ఎక్కడ మొదలుపెడతాం? ఊరుకున్నాను. అతని గ్లాసు ఖాళీ అయింది, వెళ్లిపోయాడు. ఆ మాట మాత్రం నాతో మెట్రో దాకా వచ్చింది. ఎందుకంటే ఇదే అమీర్‌పేటలో, ఇదే ఆట ముందు కూర్చుని, మేమూ అక్షరాలా అదే అన్నాం. మిషన్ స్లోగా ఉంది, 386 అయితే బాగుండేది అని. అప్పటి మా 286 కంప్యూటర్ కన్నా వేల రెట్లు వేగంగా లెక్కలు చేసే ఫోను ఇప్పుడు ఆ నిందే మోస్తోంది. నేరం చేసిందెవరో గానీ, ప్రతి తరంలోనూ నింద మాత్రం ఎదురుగా ఉన్న యంత్రం మీదే పడుతోంది.

ఆ కోటను నేను మొదట చూసింది పంజాగుట్టలో, ద్వారకాపురి కాలనీలోని మిత్రుడి ఇంట్లో. వాళ్ల మేనమామ దుబాయ్ నుంచి తెచ్చిన టీవీ గేమ్ అది. ఇక్కడి దుకాణాల్లో దొరికేవైనా, గల్ఫ్ సూట్‌కేసుల్లో వచ్చేవైనా దాదాపు అన్నీ 1983లో జపాన్‌లో వచ్చిన నింటెండో ఫామికామ్‌కు నకళ్లేనని మాకేం తెలుసు? క్యాసెట్ తీయడం, అడుగున గట్టిగా ఊదడం, మళ్లీ పెట్టడం, ఇదే మాకు తెలిసిన హార్డ్‌వేర్ శాస్త్రం. కాంట్రా కోసం, మారియో కోసం కాలనీ పిల్లలంతా వచ్చేవాళ్లు. ఈ కోట క్యాసెట్ పెడితే మాత్రం సగం మంది లేచిపోయేవాళ్లు. ఎందుకంటే ఇందులో గెలుపు త్వరగా రాదు. కొవ్వొత్తిని కొరడాతో కొడితే గుండె బొమ్మ రాలుతుంది. గుండె అంటే ప్రాణం అనుకుంటాం కదా, కాదు. అది విసిరే ఆయుధాలకు ఖర్చయ్యే సరుకు. ప్రాణం కావాలంటే గోడ పగలగొట్టాలి, ఏదో ఒక ఇటుక వెనక కాల్చిన మాంసం దొరుకుతుంది! ఎన్నేళ్లుగా ఆ గోడలో ఉందో, ఎవరు వండారో అని ఎవరమూ అడగలేదు. మిత్రుడి వాళ్ల అమ్మ శాకాహారి. ఆవిడ వంటింట్లోంచి వస్తూ ఒకసారి ఆ దృశ్యం చూసి, "గోడలో పెట్టిందేంట్రా అది, దెయ్యాల కొంపలో తిండి కూడానా" అని మొహం చిట్లించడం ఇప్పటికీ గుర్తే.

ఆ ఆటలో దెయ్యాలు నిజానికి భయపెట్టవు. డ్రాకులా, ఫ్రాంకెన్‌స్టీన్ భూతం, మమ్మీలు, మెడూసా, అంతా పాత హాలీవుడ్ సినిమాల మూకే. ఆట మొదట్లో తెర మీద ఫిల్మ్ రీలు అంచు చిల్లులు కూడా గీశారు. సంగీత దర్శకుడి పేరు చోట జేమ్స్ బనానా అని వేశారు. డ్రాకులా సినిమాలకు బాణీలు కట్టిన జేమ్స్ బెర్నార్డ్ మీద చెణుకు. అసలు భయం వేరే చోట ఉంది. కొరడా పట్టుకున్న మన మనిషి సైమన్ బెల్‌మాంట్ ఎగిరాడంటే ఎగిరినట్టే. గాల్లో ఉండగా మనసు మార్చుకోవడానికి లేదు, వెనక్కి తిరగడానికి లేదు. కొరడా ఝుళిపించడానికి కూడా ఒక లిప్త పడుతుంది, ఆ లిప్తలో మనిషి కదలడు. దెబ్బ తగిలితే వెనక్కి ఎగిరి పడతాడు, సరిగ్గా అక్కడే గొయ్యి ఉంటుంది. మెడూసా తలలు అలలు అలలుగా వస్తుంటాయి. వాటి ఎత్తుపల్లాలు చూసుకుని, వేలు బొత్తాం మీద ఆనించి, ఇప్పుడా, ఇంకాసేపా అని ఊపిరి బిగబట్టి నిలబడాలి. ఆ బిగబట్టిన ఊపిరే ఆట. మిగిలిందంతా అలంకారం. ఈ ముక్క ఇంత తేటగా ఇవాళ రాస్తున్నాను గానీ అప్పుడు తెలిసిందా? వేళ్లకు తెలిసి ఉంటుంది.

తర్వాత కొన్నేళ్లకు అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరాను. ఏ ఇన్‌స్టిట్యూట్ అని అడక్కండి, అన్నీ ఒకలాగే ఉండేవి. మెట్ల కింద చెప్పులు విడిచి, తలుపు తోసుకుని వెళ్తే ఏసీ చలి. ఆ చలి మా కోసం కాదు, మిషన్ల కోసం. డాస్ ఆదేశాలు, డీబేస్, కొంచెం సీ. పాఠం అయ్యాక, సారు కిందికి దిగాక, ఎవరి జేబులోంచో ఫ్లాపీ బయటికొచ్చేది. డేవ్, ప్రిన్స్, డిగ్గర్ లాంటి ఆటలు. ఆ వరసలో ఒక రోజు కాస్ల్‌వేనియా వచ్చింది. పేరు చూడగానే నాకు ఒళ్లు జలదరించింది. టీవీకి తగిలించే ఆటబొమ్మ మీదే అంత బాగుంటే, కంప్యూటర్ మీద ఇంకెంత బాగుండాలి! మా నాన్న నెల జీతానికి ఎన్నో రెట్లు ఖరీదు చేసే యంత్రం కదా ఇది.

కోట తెరుచుకుంది. అన్నీ ఉన్నాయి. కొవ్వొత్తులున్నాయి, గబ్బిలం ఉంది, మెట్లున్నాయి, గుండె బొమ్మలున్నాయి. కానీ నడక లేదు. తెర జారాల్సిన చోట కుదుపులతో ముందుకు పడుతోంది. ఇప్పుడు ఎగరాలని నొక్కితే, ఆ ఇప్పుడు అయిపోయాక సైమన్ ఎగురుతున్నాడు. దెబ్బ ఎక్కడ తగిలిందో, ఎందుకు తగిలిందో తెలియకుండానే తగులుతోంది. మెడూసా తలల ముందు మునుపటి బిగువు లేదు, విసుగుంది. నా పక్కనున్న అబ్బాయి అసలు ఆట ఎప్పుడూ ఆడలేదు. అతను రెండు నిమిషాలు చూసి, "దీనికోసమా నువ్వు అంత చెప్పావు?" అని తన వంతు డేవ్‌కి వాడుకున్నాడు. ఆ మాటకు జవాబు లేక నేను అన్నదే పైన చెప్పిన మాట, మిషన్ స్లోగా ఉంది అని.

లెక్క ప్రకారం చూస్తే ఇదంతా తలకిందుల వ్యవహారం. టీవీ గేమ్ లోపల ఉన్న ప్రాసెసర్ వేగం 1.79 మెగాహెర్ట్జ్, పని చేసుకోవడానికి ఉన్న మెమరీ 2 కిలోబైట్లు. పీసీలో డాస్‌కు 640 కిలోబైట్లు, అంటే 320 రెట్లు. ప్రాసెసర్ కూడా కొన్ని రెట్లు వేగం. మరి 2 కిలోబైట్ల పెట్టె పరుగెత్తించిన కోటను 640 కిలోబైట్ల యంత్రం ఎందుకు లాగలేకపోయింది? రహస్యం బొమ్మ గీసే చిప్‌లో ఉంది. ఫామికామ్‌లో అందుకోసం విడిగా ఒక చిప్ పెట్టారు. నేపథ్యాన్ని ఇంత జరుపు అంటే జరుపుతుంది, 64 చిన్న బొమ్మల్ని దానంతట అదే నేపథ్యం మీద పేర్చుకుంటుంది, ఇదంతా సెకనుకు 60 సార్లు. ప్రాసెసర్ ఆలోచించాల్సింది ఎవడు ఎక్కడున్నాడన్నది మాత్రమే. ఆఫీసు లెక్కల కోసం పుట్టిన పీసీకి ఈ సౌకర్యం లేదు. ప్రతి అడుగుకీ గోడనూ కొవ్వొత్తినీ మనిషినీ ప్రాసెసరే మోసుకొచ్చి తెర మీద పెట్టాలి. బలవంతుడే, కానీ ఒంటరివాడు. ఇక శబ్దం సంగతి చెప్పనక్కర్లేదు. కినుయో యమషిటా బృందం అయిదు గొంతుల చిప్ కోసం కట్టిన బాణీలను మా ల్యాబులోని పీసీ స్పీకర్ ఒక్క గొంతుతో, అదీ జలుబు చేసిన గొంతుతో, కీచుమని పాడింది.

ఇంతవరకూ చదివితే తప్పు పీసీదే అనిపిస్తుంది. నేనూ చాలాకాలం అలాగే సమాధానపడ్డాను. డేవిడ్ కుష్నర్ రాసిన మాస్టర్స్ ఆఫ్ డూమ్ పుస్తకం చదివాక ఆ సమాధానం చెడింది. డాస్ కాస్ల్‌వేనియా వచ్చింది 1990లో. చేసింది అన్‌లిమిటెడ్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ, అమ్మింది కొనామీనే. అదే 1990 సెప్టెంబరులో అమెరికాలోని లూసియానా రాష్ట్రం, ష్రీవ్‌పోర్ట్ అనే ఊళ్లో, సాఫ్ట్‌డిస్క్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ ఆఫీసులో జాన్ కార్మాక్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు ఒక ఉపాయం కనిపెట్టాడు. తెర జరిగినప్పుడు అంతా మళ్లీ గీయడం ఎందుకు, మారిన గడులు మాత్రమే గీస్తే చాలదా? పక్కపక్కనే నీలాకాశపు గడులు ఉంటే జరిగిన తర్వాత కూడా అక్కడ నీలాకాశమే కదా, దాన్ని ముట్టుకోవడం దేనికి? కార్మాక్, సహోద్యోగి టామ్ హాల్ కలిసి ఒక్క రాత్రిలో సూపర్ మారియో 3 మొదటి అంకాన్ని పీసీ మీద నున్నగా పరుగెత్తించారు. మారియో బదులు డేంజరస్ డేవ్‌ను నిలబెట్టి, ఆ ఫ్లాపీని తెల్లారేసరికి జాన్ రొమేరో బల్ల మీద పెట్టారు. అవును, మన ల్యాబుల్లో ఎర్రటోపీ డేవ్, రొమేరో చేసిన డేవ్. తర్వాత మారియోనే అచ్చంగా చేసి నింటెండోకు పంపారు. పీసీ మార్కెట్ మీద మాకు ఆసక్తి లేదని నింటెండో చెప్పింది. ఆ ఉపాయంతోనే డిసెంబరు 14న కమాండర్ కీన్ విడుదలైంది.

అంటే అదే ఏడాది, అదే రకం యంత్రం మీద, అనుమతి లేని కుర్రాళ్ల మారియో పరుగెత్తింది, అధికార ముద్ర ఉన్న కోట కుంటింది. చెయ్యలేనితనం యంత్రానిది కాదన్నమాట. మరి చేసినవాళ్లదా? ఇక్కడ నాకు తొందరపడాలని లేదు. ఆ కాలంలో ఒక యంత్రం మీది ఆటను ఇంకో యంత్రానికి మార్చే పని, అదే కన్వర్షన్, ఎలా జరిగేదో చదివితే జాలేస్తుంది. చాలాసార్లు అసలు ప్రోగ్రామ్ చేతికివ్వరు. ఆట ఆడుతూ, చూస్తూ, కాగితం మీద రాసుకుంటూ మళ్లీ మొదటినుంచి కట్టాలి. గడువు వారాల్లో ఉంటుంది. రాసుకోగలిగినవి ఏవి? ఎన్ని గదులు, ఏ గదిలో ఏ భూతం, ఏ కొవ్వొత్తి కింద ఏ వస్తువు. అవన్నీ జాబితాకు ఎక్కుతాయి. సైమన్ కొరడా లేవడానికి పట్టే ఆ లిప్తను ఏ గడిలో రాస్తారు? డాస్ కోటలో జాబితాకెక్కినవేవీ తప్పిపోలేదు, అందుకే దాన్ని ఒప్పుకున్న మేనేజరుకు తప్పు కనపడి ఉండదు. మా కోర్సు కరపత్రమూ అంతే, అందులో రాసినవన్నీ చెప్పారు.

అయినా ఇంకో ఉదాహరణ ఈ సానుభూతికి అడ్డం వస్తుంది. కాప్‌కామ్ 1985లో తెచ్చిన ఘోస్ట్స్ ఎన్ గాబ్లిన్స్ కూడా శ్మశానాలూ దెయ్యాలూ ఉన్న ఆటే. దాన్ని 1986లో క్రిస్ బట్లర్ కమొడోర్ 64 మీదికి తెచ్చాడు. చిన్న యంత్రం, 64 కిలోబైట్లు. అసలు ఆటలోని కొన్ని దశలు అందులో లేనే లేవు. జాబితా ప్రకారం అది నాసిరకం సరుకు. కానీ అందులోని వీరుడు ఆర్థర్ అడుగు, ఎగురు, బల్లెం విసురు సరిగ్గా కుదిరాయి, మార్క్ కుక్సీ ఆ యంత్రపు గొంతుకు తగ్గ సంగీతం కట్టాడు. ఇవాళ్టికీ ఇంగ్లండు వాళ్లు దాన్ని తలుచుకుని మురిసిపోతారు. సగం కోట తెచ్చినవాడు మెప్పు పొందాడు, మొత్తం కోట మోసుకొచ్చినవాళ్లు మాట పడ్డారు.

మన దగ్గర దెయ్యాల కోట అనగానే గుర్తొచ్చేది చంద్రముఖి సినిమా. 1993లో ఫాజిల్ మలయాళంలో తీసిన మణిచిత్రతాళు, 2004లో పి. వాసు చేతిలో కన్నడ ఆప్తమిత్ర అయింది, 2005లో తమిళ చంద్రముఖి అయి తెలుగులోకి డబ్బింగ్ అయింది, 2007లో ప్రియదర్శన్ హిందీలో భూల్ భులయ్యా తీశాడు. ఇన్ని ఇళ్లు మారినా ఆ దెయ్యం ఎక్కడా నీరసించలేదు. చంద్రముఖిలో జ్యోతికను చూసి హైదరాబాద్ హాల్లో జనం ఉలిక్కిపడ్డారంటే, మలయాళంలో శోభనను చూడని లోటు వాళ్లకేం తెలియలేదు. మరి సినిమాకు సాధ్యమైంది ఆటకు ఎందుకు కాలేదు? ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగాను. కథను ఎవరి నోటితోనైనా చెప్పించవచ్చు, కొత్త నోటికి కొత్త రుచి వస్తుంది. చూసేవాడి వేళ్లతో సినిమాకు పనిలేదు. కాస్ల్‌వేనియాలో కథ అని చెప్పుకోవడానికి ఏముంది? కోటలోకి వెళ్లాడు, డ్రాకులాను చంపాడు. అంతా వేలికీ తెరకూ మధ్య జరిగేదే. ఆ సందులో ఆలస్యం దూరితే కోటలో దెయ్యం కూడా ఉండదు, దెయ్యం బొమ్మ ఉంటుంది.

పంజాగుట్టలో పెరిగినవాళ్లకు అసలు కోట ఒకటుండేది, ఇప్పటికీ ఉంది. ఖైరతాబాద్ వెళ్లే దారిలో గుట్ట మీద ఇర్రం మంజిల్. నవాబ్ ఫక్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించుకున్న మహలు, నూటయాభైకి పైగా గదులు. మేం చూసేనాటికి అది ప్రభుత్వ ఇంజనీర్ల ఆఫీసు. చీకటి పడ్డాక ఆ గుట్ట వైపు చూసి మేం చెప్పుకున్న కథలకు లెక్కలేదు. పగలు లోపలికి వెళ్లిన మిత్రుడు మాత్రం బీరువాలు, ఫైళ్లు, ఫ్యాను కింద కునుకు తీస్తున్న అటెండరు ఉన్నారని చెప్పి మా అందరి ఉత్సాహం మీద నీళ్లు పోశాడు. మహలు ఆఫీసుగా మారడం కూడా ఒక కన్వర్షనే అనాలా? గోడలున్నాయి, మెట్లున్నాయి, గదుల లెక్క సరిపోతుంది. 2019 జూన్‌లో దాని స్థానంలో కొత్త శాసనసభ కట్టాలని శంకుస్థాపన జరిగింది, సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. మహలు బతికింది. నవాబు ఇంటి నడక ఎలా ఉండేదో చెప్పగలిగినవాళ్లు మాత్రం అప్పటికే ఎవరూ లేరు. ఆఫీసుగా మారకపోయి ఉంటే గోడలైనా మిగిలేవా అన్న అనుమానమూ నాకుంది. పాడైన కన్వర్షన్ కూడా ఒక్కోసారి వస్తువును కాపాడుతుందేమో. డాస్ కోట చూశాకే, పేరు తెలిశాకే, అసలు క్యాసెట్ కోసం వెతుక్కున్నవాళ్లు ఎక్కడో ఉండే ఉంటారు.

ఇక డేవ్ దగ్గరికి వస్తాను. ష్రీవ్‌పోర్ట్ కుర్రాళ్లు ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నా, సాఫ్ట్‌డిస్క్‌కు ఒప్పుకున్న ఆటలు కొన్ని బాకీ ఉన్నారు. ఆ బాకీలో భాగంగా 1991లో చేసిందే డేంజరస్ డేవ్ ఇన్ ద హాంటెడ్ మాన్షన్. తమ్ముడు డెల్బర్ట్‌ను వెతుక్కుంటూ డేవ్ తుపాకీతో దెయ్యాల బంగళాలో దూరతాడు. ఒక్క దెబ్బకే చావు, తుపాకీ ఖాళీ అయితే మళ్లీ నింపేదాకా నిలబడాలి. చచ్చినప్పుడల్లా ఆ చావును దగ్గరగా, పెద్దగా గీసి చూపిస్తారు, బొమ్మలు గీసిన ఏడ్రియన్ కార్మాక్ కుంచెకు దయ లేదు. రంగులు 16 మాత్రమే. మా ల్యాబు మిషన్లూ అవే. కానీ ఇప్పుడు ఎగరాలని నొక్కితే ఇప్పుడే ఎగిరాడు. కోట క్యాసెట్ ముందు బిగబట్టిన ఊపిరి ఆ ఏసీ గదిలో మళ్లీ బిగుసుకుంది. ఎక్కడినుంచో మోసుకొచ్చిన ఇల్లు కాదది, పీసీకి ఏం చేతనవునో తెలిసి పీసీ నేల మీదే కట్టిన ఇల్లు. అప్పుడు మాకు అది కాస్ల్‌వేనియా కన్నా చిన్న ఆటలా అనిపించింది, పేరున్న వంశం కాదు కాబట్టి. దెయ్యాల ఇంటి ఆటల్లో డాస్ మీద నాకు తెలిసి అదే మేటి.

కాస్ల్‌వేనియా ఆడాలని ఉన్నవాళ్లు ఆ 1990 డాస్ కూర్పు జోలికి పోకండి. 2019లో కొనామీయే కాస్ల్‌వేనియా యానివర్సరీ కలెక్షన్ పేరుతో పాత టీవీ ఆటను మార్చకుండా, ఎమ్యులేటర్‌లో పెట్టి, పీసీకి ఇచ్చింది. అది కొనుక్కోండి. ఫోను మీద కాదు, బొత్తాలున్న కంట్రోలర్‌తో ఆడండి. మెడూసా తలలు వచ్చే చోట తొందరపడకండి.